నొక్కాల్సిన చోట

నొప్పి తీసెయ్యమని దేవుణ్ణి అడగడమూ, మేలు చెయ్యమని అడగడమూ ఒకటేనా అన్న అనుమానం నాకు పెళ్ళి కాకముందు నుంచీ ఉంది. ఎవర్నీ అడగలేదు. అడిగితే భక్తి తక్కువ మనిషి అనుకుంటారేమోనని భయం. పొద్దున్నే చేతులు జోడించినప్పుడు రెండూ కలిపే అడిగేదాన్ని. ఏది ఇవ్వాలో ఆయనే చూసుకుంటాడులే అనుకునేదాన్ని.

ఆ మధ్యాహ్నం ఆ అనుమానం మా ముందుగదిలోకి వచ్చి, గుడ్డలు కత్తిరించే కోతబల్ల మీద కూర్చుంది.

బల్ల మీద మా అమ్మాయి బ్రేస్ వెల్లకిలా పడి ఉంది. చంకల కింద నుంచి తుంటి దాకా పట్టే తెల్లటి ప్లాస్టిక్ డొల్ల. పట్టీలు ఊడి వేలాడుతున్నాయి. లోపలి ప్యాడ్ ఒకటి సగం లేచి ఉంది. కాసేపటి కిందటే, బ్రేసులు చేసే ఆవిడ తన షెడ్డులో ఆ ప్యాడ్ మీద బొటనవేలు పెట్టి నొక్కింది. వేలు దిగిపోయింది. దిగకూడదట. వెన్ను వంగిన చోట పక్కటెముకల మీద అది రాయిలా నొక్కిపట్టాలట.

"ఇది నేను పెట్టిన ప్యాడ్ కాదు," అందావిడ.

మా ఆయన తల వంచుకున్నారు. తిరిగి వచ్చేటప్పుడు బస్సులో పిల్లతో కలిపి ముగ్గురం మూడు సీట్లలో కూర్చున్నాం.

"ఏమన్నారే?" అంది మా అత్తయ్య, మేం చెప్పులు విప్పకముందే.

"పిల్ల అబద్ధం ఆడలేదన్నారు," అన్నాను.

ఆవిడకి అర్థం కాలేదు. కాకపోవడం సహజమే. పదిహేను రోజుల నుంచీ ఈ ఇంట్లో నలుగురం పిల్ల అబద్ధం ఆడుతోందనే మాట చుట్టూ తిరుగుతున్నాం. ఎక్స్‌రే పైకెత్తి చూసి డాక్టరు అన్న మాట అది. "ముప్పై డిగ్రీల దగ్గర ఉన్న వంపు నలభై దాటింది. బ్రేస్ వేసుకునే పిల్లకి ఇంత తొందరగా పెరగదు. ఈ వయసు పిల్లలు చెప్పేదొకటి, చేసేదొకటి." రోజూ వేసుకుంటున్నానని పద్నాలుగేళ్ళ పిల్ల ఆయన ముందు ఒట్టు పెట్టుకుంది. ఆయన నవ్వాడు.

"మరి ఎవరు ఆడారే అబద్ధం?"

నేను చెప్పలేదు. మా ఆయనే చెప్పారు. గోడకి నిలబెట్టిన ఫోమ్ షీట్లకి ఆనుకుని, వాటితోనే మాట్లాడుతున్నట్టు చెప్పారు.

"నేనే మార్చానమ్మా. గుచ్చుకుంటోందని ఏడ్చింది కదా మొదట్లో. పక్కన ఎర్రగా కందిపోయింది. స్నానానికి వెళ్ళినప్పుడు విప్పి చూశాను. లోపల గట్టిది, అరచేయంత ఉంది. అది తీసేసి మన మెత్త పెట్టి, పైన వాళ్ళ గుడ్డే మళ్ళీ తొడిగి కుట్టాను. మన చేతిలో పనేగా అనుకున్నాను."

వీళ్ళది తాతల నాటి నుంచీ పరుపులూ సోఫాలూ కుట్టే ఇల్లు. కుట్టిన ప్రతి సీటు మీదా మా ఆయన అరచేత్తో ఒకసారి రాస్తారు. ఎక్కడైనా ఏదైనా తగిలిందా, విప్పేస్తారు. గట్టిగా తగిలేది ఏదైనా తప్పే. ఈ ఇంట్లో చిన్నప్పటి నుంచీ నేర్పేది అదొక్కటే. కుట్టు కనిపించకుండా కుట్టడం ఆయనకి వచ్చిన విద్య. అందుకే ఎవరూ కనిపెట్టలేకపోయారు.

అత్తయ్య కుర్చీ వెతుక్కుని కూర్చుంది.

"మన చేతిలో పనా? రేపు డాక్టరు కోసి కుట్లేస్తే అవి కూడా విప్పి, బాగా రాలేదని మళ్ళీ కుడతావురా నువ్వు?"

"పిల్లకి నొప్పి పెడుతుంటే చూస్తూ ఊరుకోమంటావా?"

"నిన్ను కన్నప్పుడు నాకు నొప్పి రాలేదా? అప్పుడెవడైనా మధ్యలో దూది పెట్టాడా?"

ఇంకోరోజైతే నాకు నవ్వాగేది కాదు.

"ఎప్పుడు తెలిసింది నాన్నా?"

అమ్మాయి లోపలి గుమ్మంలో నిలబడి ఉంది. స్కూల్ చొక్కా వదులుగా వేలాడుతోంది. లోపల బ్రేస్ లేకపోతే ఆ చొక్కాలో ఇద్దరు పడతారు.

"ఏది తల్లీ?"

"నీ మెత్త వల్లే ఇలా అయిందని. ఆ డాక్టరు నన్ను అబద్ధాలకోరు అన్నప్పుడు నువ్వు నా పక్క కుర్చీలోనే ఉన్నావు."

"అప్పుడు నాకు తట్టలేదే."

"బస్సులో తట్టిందా?"

మా ఆయన సూదులు గుచ్చిన దిండు చేతిలోకి తీసుకుని, మళ్ళీ పెట్టేశారు.

"ఇంటికొచ్చాకా?"

"మర్నాడు," అన్నారు చివరికి. "మర్నాడు ఎవరిదో కుర్చీ విప్పుతుంటే తట్టింది."

"మర్నాటి నుంచి ఇవాల్టి దాకా నానమ్మ నా చొక్కా ఎత్తి చూస్తోంది, లోపల ఉందా లేదా అని. స్కూల్లో మేడమ్ క్లాసు మధ్యలో లేపి వీపు మీద తట్టి చూస్తోంది, అమ్మ వెళ్ళి చెప్పొచ్చింది కాబట్టి. నువ్వు అన్నీ చూస్తున్నావు."

"చెబుదామనే అనుకున్నాను."

"మరి?"

"చెబితే మళ్ళీ ఆ గట్టిదే పెడతారు కదమ్మా," అన్నారు మా ఆయన. "నువ్వు మళ్ళీ ఏడుస్తావు."

అది విని పిల్ల ఏదో ఒకటి అంటుందని ముగ్గురం ఎదురుచూశాం. లోపలికి వెళ్ళి తలుపు నెమ్మదిగా వేసుకుంది. దభాలున వేసినా బాగుండేది.

*

సాయంత్రం కంచంతో వెళ్ళాను. గోడ వైపు తిరిగి పడుకుని ఉంది. పలచటి బనీను కింద కుడివైపు వీపు ఎడమకన్నా ఎత్తుగా లేచి ఉంది. మొదటిసారి ఆ ఎత్తు చూసింది నేనే, జడ వేస్తూ. చొక్కా మడత అనుకుని చేత్తో సర్దబోయాను.

"తిని పడుకో."

"అమ్మా, నేనెంత కష్టపడి అలవాటు చేసుకున్నానో నీకు తెలుసా?"

"తెలుసు."

"తెలీదు. పెన్సిల్ కింద పడితే ఎలా తీయాలో తెలుసా? వంగకూడదు. మోకాళ్ళ మీద కూర్చుని, పక్కకి చెయ్యి చాపాలి. బూటు లేసు కట్టాలంటే కాలు కుర్చీ మీద పెట్టాలి. లోపల కుట్టు లేని బనీను వెయ్యాలి, కుట్టుంటే తిరగేసి వెయ్యాలి, ముడత పడకుండా కిందకి లాగాలి. ఇవన్నీ నేర్చుకున్నాను. స్కూల్లో తాబేలు అని పిలిచారా? నేనే నా పుస్తకాల మీద తాబేలు అని రాసుకున్నా. అప్పుడు వాళ్ళకి మజా పోయింది."

"నీ బెంచీ పిల్ల మంచిదేగా."

"అదా? రోజూ పొద్దున డిప్ప మీద తట్టి, 'ఇంట్లో ఎవరండీ?' అనేది. 'ఓనరు లేరు, అద్దెకున్నవాళ్ళం' అనేదాన్ని."

ఇద్దరికీ నవ్వొచ్చింది. ముందుగా తనే ఆపేసింది.

"బ్రేసుల ఆంటీ నన్ను షెడ్డుకి పిలిపించేది, గుర్తుందా? కొత్తగా వేసుకునే పిల్లలకి ధైర్యం చెప్పమని. ఇంత తొందరగా అలవాటు పడ్డ పిల్లని నేను చూళ్ళేదు, మీరు అడగండి దీన్ని, అనేది. ఒక పాప నా కన్నా చిన్నది. అస్సలు వేసుకోనని వాళ్ళమ్మ చెయ్యి కొరికేసింది. దానితో నేను చెప్పా, వారం ఓర్చుకో చాలు, తర్వాత అసలు ఉన్నట్టే తెలీదు అని. అది నా మొహం చూస్తూ వేసుకుంది."

"మంచి పనేగా చేశావు."

"ఏం మంచి? ఇప్పుడు దానికి రోజూ నొప్పి పెడుతూనే ఉంటుంది. వారం అయ్యాక కూడా. తనలోనే ఏదో లోపం ఉందనుకుంటుంది. నేను అలవాటు పడింది బ్రేస్‌కి కాదమ్మా. పరుపుకి."

కంచం కిటికీ అంచున పెట్టి, దాని పాదాలు పట్టుకుని కూర్చున్నాను. దేవుడా అని మొదలుపెట్టాను మనసులో. ఆ తర్వాత ఏమనాలో తోచలేదు. తగ్గించు అనాలా? నిలబెట్టు అనాలా? నా ప్రార్థనలన్నీ మా ఆయన కుట్టిన మెత్తలాంటివేనేమో అనిపించి, పాదాల మీంచి చేతులు తీసేశాను.

*

మర్నాడు మళ్ళీ షెడ్డుకి వెళ్ళాం. గోడ పొడుగునా అరల మీద పిల్లల నడుముల అచ్చులు, ప్లాస్టర్‌తో పోసినవి, తలలూ చేతులూ లేకుండా బారులు తీరి ఉంటాయి. ఒక్కటీ తిన్నగా ఉండదు. మా ఆయన లోపలికి రాలేదు. బయట మెట్టు మీద కూర్చున్నారు.

బ్రేసులావిడ కొత్త ప్యాడ్ చేసి సిద్ధంగా ఉంచింది. దాన్ని బల్లకేసి కొట్టి చూపించింది. చెక్కని కొట్టినట్టు మోగింది.

"తప్పు నాది కూడా ఉందమ్మా," అంది నాతో. "ఏడవని పిల్ల దొరికిందని మురిసిపోయాను. ఎందుకు ఏడవట్లేదో చూడాల్సింది. " తర్వాత పిల్ల వైపు తిరిగి, "ఊపిరి మొత్తం వదులు తల్లీ," అంది.

పట్టీలు వెనక్కి లాగింది. పట్టీల మీద పెన్నుతో గీతలున్నాయి. కట్టు ఆ గీత దాకా రావాలి. అమ్మాయి నోరు తెరిచింది గానీ శబ్దం రాలేదు. రెండు చేతులతో బల్ల అంచు పట్టుకుంది. ముక్కు చివర చెమట పట్టింది.

"ఇలాగే ఉండాలా ఇది?" అన్నాను. నా గొంతు నాకే మా ఆయన గొంతులా వినిపించింది.

"ఇలాగే ఉండాలి. ఇవాళ కాసేపు వేసుకుని తీసెయ్యి. రేపు ఇంకాసేపు. అలా పెంచుకుంటూ పోతే వారం పది రోజుల్లో రోజంతా ఉంచుకోగలవు. తీశాక ఎర్రగా ఉన్నచోటు కాసేపట్లో మామూలు రంగుకి రావాలి. రాకపోయినా, తోలు లేచినా నా దగ్గరికి రా. క్రీములూ నూనెలూ రాయొద్దు, తోలు మెత్తబడి ఇంకా చెడుతుంది. అలవాటయ్యాక పడుకునేటప్పుడు కూడా వేసుకో. నిద్ర పట్టకపోతే కాళ్ళ మధ్య దిండు పెట్టుకో." అప్పుడు గుమ్మం వైపు చూసి గొంతు పెంచింది. "ఇంట్లో ఎవరూ సూది పట్టుకోవద్దు!"

బయట మెట్టు మీద మా ఆయన చేతులు ఒళ్ళోకి లాక్కున్నారు.

"ఇప్పుడు వేసుకుంటే వంపు ఆగుతుందా ఆంటీ?" అంది అమ్మాయి. మాటకీ మాటకీ మధ్య ఊపిరి తీసుకుంటోంది.

ఆవిడ చేతులు తుడుచుకుంది. తుడిచిన చేతులే మళ్ళీ తుడుచుకుంది.

"మొదటి నుంచీ ఇలా ఉండి ఉంటే ఆగేదేమో."

"ఇప్పుడు?"

"నువ్వు పొడుగెదగడం ఇంకెన్నాళ్ళో లేదు. ఎదుగుతున్నంత కాలమే ఇది పనిచేస్తుంది. వంపు కూడా పెద్దదైంది. వేసుకున్నా ఆపరేషన్ తప్పకపోవచ్చు. చెప్పలేను తల్లీ."

"వేసుకోకపోతే?"

"అప్పుడు చెప్పగలను," అందావిడ.

*

ఇంటికొచ్చాక అమ్మాయి చేసిన మొదటి పని, బ్రేస్ విప్పి కుర్చీకి తొడగడం. వీపు ఆనే చోట సరిగ్గా పట్టింది.

"కుర్చీకి వెన్ను తిన్నగా ఉంది కాబట్టి నొప్పి లేదు," అంది. "దాన్నే వేసుకోనియ్యండి."

ఆ రోజు వేసుకోలేదు. మర్నాడూ వేసుకోలేదు. స్కూలుకి వదులు చొక్కాలో వెళ్ళొచ్చింది. నేను బతిమాలాను, కోప్పడ్డాను, డాక్టరు దగ్గరికి వెళ్ళాల్సిన తేదీ గుర్తుచేశాను. అన్నిటికీ ఒకటే మాట.

"ఎందుకు?"

అత్తయ్య తన తరహాలో ప్రయత్నించింది. "నీ తోడు నేనూ వేసుకుంటానే. ఆవిణ్ణి అడుగు, ముసలాళ్ళ సైజు ఉందేమో. ఇద్దరం డిప్పలు తగిలించుకుని బజారంతా తిరుగుదాం. కూర్మావతారాలనుకుని జనం దండం పెడతారు."

పిల్ల పుస్తకంలోంచి తలెత్తలేదు. అత్తయ్య ఇంకాస్త దగ్గరికి జరిగి, "చొక్కా ఎత్తి చూసినందుకు కోపమా?" అంది. "ముసలిదాన్ని, తెలీలేదే." పిల్ల పేజీ తిప్పింది. ఆవిడ వంటింట్లోకి వచ్చి, కడిగిన గిన్నెలే మళ్ళీ కడగడం మొదలుపెట్టింది.

మా ఆయనతో పిల్ల మాట్లాడటం పూర్తిగా మానేసింది. ఎదురుపడితే దారి ఇస్తుంది. ఇంటికొచ్చిన కొనుగోలుదారుకి ఇచ్చినట్టు.

"దానికి ఇష్టం లేకపోతే వదిలేద్దామే," అన్నారాయన నాతో. "ఎలాగూ ఆపరేషన్ తప్పదంటున్నారు. ఈ కొన్నాళ్ళైనా సుఖంగా ఉంటుంది."

"మీరు మళ్ళీ మెత్త పెట్టకండి."

"నేనేం ముట్టుకోలేదే!"

"ముట్టుకోకుండా పెడుతున్నారు. ఇదీ అదే."

ఆయన మొహం చూసి, ఎందుకన్నానా అనిపించింది. కానీ వెనక్కి తీసుకోలేదు. ఇంట్లో ఎవరో ఒకరు గట్టిగా ఉండాలంటే అది నేనే కావాలా? నాకూ ఆ బ్రేస్ అవతల పారేసి పిల్లని ఒళ్ళో పడుకోబెట్టుకోవాలనే ఉంది. నేనూ మెత్తని దాన్నే. ఎవరికి చెప్పుకోను?

ఆదివారం పొద్దున వంటింట్లో ఉంటే, పిల్ల గదిలో గొళ్ళెం గడగడమంటోంది. ఆగుతుంది, మళ్ళీ గడగడమంటుంది. వెళ్ళి తలుపు సందులోంచి చూశాను. బ్రేస్ వేసుకుంది. పట్టీలు వెనకవైపు ఉంటాయి, మామూలుగా వాళ్ళ నాన్న నిలబడి లాగాలి. ఇప్పుడు పట్టీ కొసని తలుపు గొళ్ళానికి చిక్కించి, గుమ్మం నుంచి దూరంగా నడుస్తోంది. పట్టీ బిగుసుకునేదాకా నడిచి, ఆగి, వెనక్కి చెయ్యి పెట్టి కట్టు నొక్కుతోంది. జారిపోతే మళ్ళీ మొదలు. కళ్ళలోంచి నీళ్ళు కారుతున్నాయి గానీ ఏడుస్తున్నట్టు లేదు. చెమట కారినట్టు కారుతున్నాయి.

నేను లోపలికి వెళ్ళలేదు. వెళ్తే ఏం చేస్తానో నాకు నమ్మకం లేదు.

ముందుగదిలో మా ఆయన చాప మీద వెల్లకిలా పడుకుని ఉన్నారు. రెండు రోజుల నుంచీ ఒక పెద్ద సోఫాతో వంగి పనిచేసి నడుము పట్టేసింది. గది నిండా పరుపులుండగా నేల మీద పడుకున్నారు.

పిల్ల వచ్చి ఆయన పక్కన నిలబడింది.

"బోర్లా తిరుగు నాన్నా."

ఆయన తల తిప్పి చూశారు. అన్ని రోజుల తర్వాత విన్న మొదటి మాట అది.

"ఒకసారి తొక్కాల్సింది ఉండిపోయింది కదా," అంది. "తీర్చేస్తాను."

అది ఈ ఇంట్లో పాత బాకీ. పిల్ల ఐదో క్లాసులో ఉన్నప్పుడు సైకిల్ సీటు గట్టిగా ఉందని గొడవ చేస్తే, ఆయన దానికి మెత్తటి సీటు కుట్టి ఇచ్చారు. కూలి కింద వారం రోజులు నడుము తొక్కాలని బేరం. ఆరు రోజులు తొక్కింది. ఏడో రోజు ఆటల్లో పడి ఎగ్గొట్టింది. అప్పటి నుంచీ అలిగినప్పుడల్లా ఆయన, "నా బాకీ ఎప్పుడు తీరుస్తావే దొరసానీ?" అనడం, అది "వడ్డీతో కలిపి తీరుస్తాలే" అనడం. ఈ ఇంట్లో అలకలు అక్కడితో తీరిపోయేవి. దాన్ని వసూలు చేసుకునే ఉద్దేశం ఆయనకి ఎప్పుడూ లేదు.

ఆయన మొహం ఒక్కసారిగా వెలిగింది. గబగబా బోర్లా తిరిగారు, చిన్నపిల్లాడిలా. అది చూసి నాకూ ఎక్కడో ఆశ పుట్టింది.

బ్రేస్ వేసుకుంటే కిందకి వంగి తన పాదాలు తను చూసుకోలేదు. ఒక చెయ్యి గోడకి ఆనించి, కాలి బొటనవేలితో తడుముకుంటూ ఆయన నడుము వెతికింది. ఎక్కింది. ప్లాస్టిక్ కిర్రుమంది. ఊపిరి పైపైనే ఆడుతోంది.

"అక్కడ కాదే దొరసానీ, కొంచెం కింద. ఆఁ. అక్కడే. గట్టిగా తొక్కు," అన్నారు ఆయన అలవాటు కొద్దీ.

అన్నాక ఆగిపోయారు.

"నొప్పిగా ఉందా?" అంది పిల్ల.

"ఉంది."

"ఉండనీ."

మడమ ఆనించి మొత్తం బరువు వేసింది. ఒక చివరి నుంచి ఇంకో చివరికి వెళ్ళింది, తిరిగి వచ్చింది. తొందర పడలేదు, ఎక్కడా తగ్గించలేదు. పని పూర్తిగా చేసింది. ఆ విషయంలో వాళ్ళ నాన్న కూతురే. తర్వాత గోడ పట్టుకుని జాగ్రత్తగా కిందకి దిగింది.

"ఇక నీకు నేనేం బాకీ లేను నాన్నా."

కోపంగా అనలేదు. కోపంగా అంటే బాగుండేది. నన్ను దాటుకుని గదిలోకి వెళ్ళిపోయింది, వీపు తిన్నగా, మెడ తిన్నగా, ఊపిరి బిగబట్టి.

నడుము తొక్కించుకున్నప్పుడల్లా ఆయన "ఇంకొక్కసారి తల్లీ" అని అడిగేవారు. అడుగుతారేమోనని చూశాను. చాపకి మొహం ఆనించి అలాగే ఉండిపోయారు. అడగలేదు.